అనంతపురం మైదానంలో అమెరికా జాడ: యుద్ధానంతర కళాశాల క్రీడలపై ఒక పరిశీలన

రాయలసీమ పల్లెల్లో వాలీబాల్ వల కనిపించడం వింతేమీ కాదు. అనంతపురం జిల్లా శింగనమల చుట్టుపక్కల కూడా బడి ఆవరణలో రెండు గుంజలు పాతి, వల బిగించి, పొద్దుగూకే దాకా ఆడుకోవడం పెద్దలకూ పిల్లలకూ తెలిసిన సంగతే. ఆ ఆట పుట్టింది మాత్రం అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, హోల్యోక్ పట్టణపు వై.ఎం.సి.ఎ.లో, 1895లో. ఏటా 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్పనుకునే ఈ మెట్ట సీమకు ఆ వల ఏ దారిన వచ్చింది?

ఈ ప్రశ్నకు తేలికైన జవాబు ఒకటి చేతికి అందుతుంది. స్వతంత్ర భారతదేశపు తొలి విశ్వవిద్యాలయ విద్యా కమిషన్‌లో (1948-49) ఇద్దరు అమెరికన్లు సభ్యులు. వారిలో ఒకరు ఒకప్పటి అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు, శిక్షకుడు. కమిషన్ అధ్యక్షుడు సర్వేపల్లి రాధాకృష్ణన్ ఒకనాడు అనంతపురంలో అధ్యాపకుడు. ఈ మూడింటినీ కలిపి, అమెరికా కళాశాల క్రీడలు రాధాకృష్ణన్ కమిషన్ ద్వారా మన కళాశాలలకు చేరాయని చెప్పేయవచ్చు. అయితే రెండు వాస్తవాలు పక్కపక్కన ఉన్నంత మాత్రాన ఒకటి మరొకదానికి కారణం కాదు. ఈ లంకె ఎంతవరకు నిలుస్తుందో చూడటమే ఈ వ్యాసం పని.

1. తేదీల చిక్కు

ముందుగా అనంతపురంలో కళాశాల విద్య కాలక్రమాన్ని స్థిరపరచుకోవాలి. జిల్లా కేంద్రంలో దత్తమండల కళాశాల, అంటే నేటి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల, 1916లో మొదలైంది. ఈ తేదీ విషయంలో పెద్ద వివాదం లేదు. ఇంజనీరింగు కళాశాల విషయంలోనే రెండు తేదీలు వ్యవహారంలో ఉన్నాయి. కొందరు 1946 అంటారు, కొందరు 1948 అంటారు. రెండింటికీ ఆధారం ఉంది. మద్రాసు ప్రభుత్వం ఆ కళాశాలను 1946లో నెలకొల్పింది. తొలి రోజుల్లో తరగతులు మద్రాసులోని గిండీ ప్రాంగణంలో నడిచాయి. 1948లో కళాశాల అనంతపురానికి తరలివచ్చింది. కాబట్టి స్థాపన 1946, అనంతపురం వాసం 1948 అని విడదీసి చెప్పుకుంటే వైరుధ్యం తొలగిపోతుంది. కాకినాడ ఇంజనీరింగు కళాశాల కథ కూడా ఇలాంటిదే. అదీ 1946లోనే పుట్టింది, విశాఖపట్నంలో మొదలై తర్వాత కాకినాడ చేరింది.

ఈ కళాశాలల పుట్టుకకు కాలం ముఖ్యం. 1944లో వెలువడిన సార్జెంటు నివేదిక యుద్ధానంతర విద్యాభివృద్ధికి ప్రణాళిక గీసింది. ఉన్నత సాంకేతిక విద్యాసంస్థల కోసం ఏర్పడిన సర్కార్ కమిటీ అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థను నమూనాగా చూపింది. అనంతపురం కళాశాలను నేరుగా ఆ కమిటీ ఫలితమని చెప్పడం తొందరపాటు అవుతుంది. యుద్ధం ముగిసిన వేళ ప్రభుత్వాలకు ఇంజనీర్ల అవసరం కనబడిందనీ, అదే ఊపులో ఈ కళాశాల కూడా వచ్చిందనీ అనుకోవడం వరకు సమంజసం.

మరో సంగతిని ఇక్కడే గుర్తించాలి, ఎందుకంటే తుది నిర్ధారణకు ఇది కీలకం. అనంతపురం కళాశాలలకు చాలాకాలం సొంత విశ్వవిద్యాలయం లేదు. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిధి నుంచి దత్తమండలాలు కొద్దికాలానికే మద్రాసు విశ్వవిద్యాలయ పరిధిలోకి తిరిగి వెళ్లాయి. 1937 నవంబరు 16న కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలో అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం ఉండాలన్న మాట ఉంది. ఆ మాట అప్పట్లో అమలుకు రాలేదు. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. 1968లో దాని స్నాతకోత్తర కేంద్రం అనంతపురంలో వెలిసింది. అదే 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమైంది.

2. రాధాకృష్ణన్ అనంతపురంలో

రాధాకృష్ణన్ సంక్షిప్త జీవిత చరిత్రలు చాలావరకు 1909లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలతో మొదలై, 1918లో మైసూరుకు దూకుతాయి. మధ్యలో అనంతపురం, రాజమహేంద్రవరం కనబడవు. వివరంగా రాసిన చరిత్రల్లో మాత్రం ఆయన 1916 ప్రాంతంలో అనంతపురానికి బదిలీ అయి కొద్దికాలం పనిచేసినట్టు, ఆ తర్వాత రాజమహేంద్రవరం వెళ్లినట్టు ఉంది. దత్తమండల కళాశాల తెరిచిన కాలంతో ఇది సరిపోతున్నది కనుక రెండో కథనానికే మొగ్గు చూపవచ్చు.

అయితే ఈ బసకు ఎంత బరువు ఇవ్వాలి? జిల్లాలో దీన్ని గర్వంగా చెప్పుకోవడం సహజం. కొద్దికాలపు బస మూడు దశాబ్దాల తర్వాతి కమిషన్ ఆలోచనలను మలిచిందనడానికి మాత్రం అది చాలదు. ఆయన విద్యా దృష్టికి ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతిగా గడిపిన 1931-36 కాలం, ఆక్స్‌ఫర్డ్ ఆచార్య పదవి ఎక్కువ దగ్గరి సాక్ష్యాలు. అనంతపురం బసను యాదృచ్ఛిక సంబంధంగా నమోదు చేసి ముందుకు సాగడమే మేలు.

అంతకన్నా గట్టి సంబంధం కమిషన్‌లో వేరొకరి ద్వారా ఉంది. సభ్యుల్లో ఒకరైన ఎ. లక్ష్మణస్వామి ముదలియార్ అప్పటికి మద్రాసు విశ్వవిద్యాలయ ఉపకులపతి. 1942 నుంచి 1969 దాకా ఆ పదవిలో ఉన్నారు. 1948లో అనంతపురం కళాశాలలు ఆ విశ్వవిద్యాలయం కిందివే. అంటే శింగనమల నుంచి చదువుకోసం అనంతపురం వెళ్లిన విద్యార్థి వ్యవహారం, ఆటలతో సహా, కమిషన్‌లో కూర్చున్న ఒకరి పాలనా పరిధిలోనే ఉంది.

3. టైగర్ట్ ఎవరు

కమిషన్ 1948 నవంబరులో ఏర్పడింది, 1949 ఆగస్టులో నివేదిక ఇచ్చింది. కొందరు దీన్ని 1948 కమిషన్ అనడం, మరికొందరు 1949 నివేదిక అనడం ఇందువల్లనే. తారాచంద్, జాకీర్ హుస్సేన్, మేఘనాద్ సాహా వంటి భారతీయులతోపాటు ఇంగ్లండు నుంచి జేమ్స్ డఫ్, అమెరికా నుంచి ఆర్థర్ ఇ. మోర్గన్, జాన్ జె. టైగర్ట్ సభ్యులు.

మన రచనల్లో టైగర్ట్ ప్రస్తావన వస్తే అమెరికా విద్యావేత్త అన్న ఒక్క మాటతో ముగుస్తుంది. ఆ మాట తప్పు కాదు, సగమే. ఆయన 1904లో టెనెస్సీ రాష్ట్రంలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయ పట్టభద్రుడు, అక్కడ ఫుట్‌బాల్ ఆటగాడు. రోడ్స్ విద్యార్థిగా ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడు. కెంటకీ విశ్వవిద్యాలయంలో తత్త్వశాస్త్రం బోధిస్తూనే 1915, 1916లలో అక్కడి ఫుట్‌బాల్ జట్టుకు శిక్షకుడయ్యాడు. 1921 నుంచి 1928 దాకా అమెరికా సమాఖ్య ప్రభుత్వ విద్యా కమిషనర్. 1928 నుంచి 1947 దాకా ఫ్లోరిడా విశ్వవిద్యాలయ అధ్యక్షుడు. 1930లో ఆ విశ్వవిద్యాలయానికి దాదాపు 22 వేల మంది పట్టే ఫుట్‌బాల్ మైదానం ఆయన హయాంలోనే వచ్చింది. ఆగ్నేయ రాష్ట్రాల విశ్వవిద్యాలయాల క్రీడా కూటమి 1932 చివరలో ఏర్పడింది. దానికీ ఆయన అధ్యక్షుడిగా పనిచేశాడు. మరణానంతరం 1970లో అమెరికా కళాశాల ఫుట్‌బాల్ ప్రముఖుల సభామండపంలో ఆయనకు చోటు దక్కింది.

క్రీడా విద్యార్థి వేతనం విషయంలో ఆయన పాత్రను జాగ్రత్తగా చూడాలి. ఆటగాడికి దొంగచాటుగా డబ్బు ముట్టజెప్పడం కన్నా బహిరంగంగా చదువు ఖర్చు భరించడం మేలన్నది టైగర్ట్ వాదన. ఆగ్నేయ కూటమి 1930ల మధ్యలో ఆ పద్ధతిని అంగీకరించింది. జాతీయ స్థాయి క్రీడా సంఘం పూర్తి స్థాయి క్రీడా వేతనాలను ఒప్పుకున్నది 1956లో. కాబట్టి అమెరికాలో క్రీడా వేతనం ఎప్పుడు మొదలైందన్న ప్రశ్నకు రెండు జవాబులూ సరైనవే. ఒకటి ప్రాంతీయ అంగీకారం, మరొకటి జాతీయ అంగీకారం.

4. ఆయన విడిచి వచ్చిన దేశంలో

టైగర్ట్ భారతదేశానికి వచ్చే నాటికి అమెరికా కళాశాలలు కిటకిటలాడుతున్నాయి. 1944 జూన్‌లో వచ్చిన మాజీ సైనికుల చట్టం వల్ల సుమారు 22 లక్షల మంది సైనికులు కళాశాల గడప తొక్కారు. 1947లో అమెరికా కళాశాల విద్యార్థుల్లో దాదాపు సగం మంది మాజీ సైనికులే. జట్లకు వయసు ముదిరిన, కండ తిరిగిన ఆటగాళ్లు దొరికారు. టిక్కెట్టు కొని చూసే జనమూ పెరిగారు.

డబ్బు పెరిగిన చోట అనుమానమూ పెరిగింది. 1948 జనవరిలో జాతీయ క్రీడా సంఘం ఆటగాళ్లకిచ్చే సాయాన్ని కట్టడి చేస్తూ ఒక నియమావళి తెచ్చింది. అవసరాన్ని బట్టి చదువు రుసుము వరకే సాయం అన్నది దాని సారం. అది నిలవలేదు, 1951లో రద్దయింది. 1950లో రెండు జాతీయ బాస్కెట్‌బాల్ పోటీలనూ ఒకే ఏడు గెలిచిన న్యూయార్క్ సిటీ కళాశాల ఆటగాళ్లు, జూదగాళ్ల దగ్గర డబ్బు తీసుకుని పాయింట్లు తగ్గించి ఆడారన్న నేరంపై 1951లో అరెస్టయ్యారు.

అంటే 1948-49లో అమెరికా కళాశాల క్రీడను ఒకే అచ్చుగా భావించరాదు. అక్కడే దానిపై తగవు నడుస్తున్నది. అనంతపురానికి వచ్చిందా లేదా అని అడిగే ముందు, ఏది వచ్చిందని అడుగుతున్నామో తేల్చుకోవాలి. అందులో రెండు పాయలున్నాయి. (అ) విద్యార్థులందరికీ వ్యాయామ విద్య. (ఆ) కొద్దిమంది ఆటగాళ్లు, వారికి వేతనం, వేలమంది ప్రేక్షకులు, ద్వారం దగ్గర వసూలు.

5. నివేదిక సాక్ష్యం

విద్యార్థుల సంక్షేమ విభాగంలో కమిషన్ చేసిన సిఫార్సు స్పష్టంగా మొదటి పాయకు చెందింది. శారీరకంగా అశక్తులు, జాతీయ విద్యార్థి దళంలో ఉన్నవారు తప్ప, స్త్రీ పురుష భేదం లేకుండా విద్యార్థులందరికీ రెండేళ్ల వ్యాయామ విద్య తప్పనిసరి చేయాలని అది సూచించింది. జాతీయ విద్యార్థి దళం కూడా 1948లోనే ఏర్పడిందని గుర్తుంచుకుంటే ఈ మినహాయింపు అర్థమవుతుంది. ద్వారం వసూళ్లతో నడిచే జట్లు ఆ సిఫార్సులో భాగం కావు.

ఇది టైగర్ట్ చేతి రాతేనా? అలా అనిపించవచ్చు గాని, నివేదిక ఉమ్మడి సంతకాలతో వెలువడింది. అందరికీ వ్యాయామం అన్న ఆలోచన అప్పటి ఇంగ్లండు సభ్యుడికీ, మన సభ్యులకూ కొత్తది కాదు. ఇంకొక తార్కిక ఇబ్బంది కూడా ఉంది. టైగర్ట్ ముద్ర నిజంగా బలంగా పడి ఉంటే, ఆయనకు ప్రత్యేకమైన ఆలోచన, అంటే ఆటగాడి చదువు ఖర్చును సంస్థ బహిరంగంగా భరించడం, నివేదిక సిఫార్సుల్లో ప్రముఖంగా కనబడాలి. కనబడుతున్నది ఎవరైనా చెప్పగలిగిన సామాన్య సూత్రం.

మోర్గన్ విషయం వేరు. టెనెస్సీ లోయ అభివృద్ధి సంస్థకు తొలి అధ్యక్షుడైన ఆ ఇంజనీరు గ్రామీణ విద్యపై విడిగా కూడా రాశాడు. గ్రామీణ విశ్వవిద్యాలయాలపై నివేదికలో ఉన్న అధ్యాయానికీ ఆయన భావాలకూ దగ్గరితనం కనబడుతుంది. ఇద్దరు అమెరికన్లలో ఎవరి జాడ నివేదికలో ఎక్కువ తేటగా ఉందంటే, ఆటగాడి కన్నా ఇంజనీరు జాడే అనాలి.

6. అంతకు ముందరి దారి

వల కథ 1948 కన్నా పాతది. అమెరికన్ అయిన హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాలను స్థాపించాడు. మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ వై.ఎం.సి.ఎ. శిక్షణ కళాశాల సంప్రదాయం ఆయనది. 1891లో బాస్కెట్‌బాల్ పుట్టింది ఆ కళాశాలలోనే. వాలీబాల్‌ను రూపొందించిన విలియం మోర్గన్ అక్కడి విద్యార్థే. ఇంటిపేరు ఒకటే అయినా ఈ మోర్గన్, కమిషన్ సభ్యుడు మోర్గన్ వేర్వేరు వ్యక్తులు. ఈ రెండు పేర్లను కలిపేస్తే కథ అందంగా కుదురుతుంది, చరిత్ర చెడుతుంది.

1953 దాకా అనంతపురం జిల్లా మద్రాసు రాష్ట్రంలోనిదే. ఆ రాష్ట్రపు వ్యాయామోపాధ్యాయులకు బక్ కళాశాల ప్రధాన శిక్షణ కేంద్రం. అక్కడ తయారైనవారు, వారి దగ్గర నేర్చినవారు బడులకు వెళ్లారు. అమెరికా ఆటలు మన పల్లె మైదానానికి చేరడానికి ఇదే ఎక్కువ సంభావ్యమైన దారి.

భాషా సాక్ష్యం కూడా ఈ అంచనాకు అనుకూలం. ఆ ఉపాధ్యాయుణ్ని మనం డ్రిల్లు మాస్టారు అన్నాం. డ్రిల్లు సైనిక కవాతు మాట, ఆంగ్ల పాలన నాటిది. ఆయన చేతిలోని బంతి మాత్రం అమెరికాది. రెండు పొరలు ఒకే మనిషిలో కలిశాయి. అయితే మాటల సాక్ష్యం సూచన మాత్రమే చేయగలదు, రుజువు చేయలేదు.

7. మూడో దారి: పొలం మీదుగా

1950ల మధ్య నుంచి అమెరికా విశ్వవిద్యాలయాలు భారత వ్యవసాయ విద్యకు సాయపడ్డాయి. మన రాష్ట్రం కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయం వంతుకు వచ్చింది. కళాశాలల కోసం ప్రభుత్వ భూమిని కేటాయించిన 1862 నాటి భూదాన చట్టం కింద పెరిగిన అక్కడి విశ్వవిద్యాలయాల పద్ధతిలో బోధన, పరిశోధన, విస్తరణ మూడూ ఒకే గొడుగు కింద ఉంటాయి. 1964లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆ పద్ధతినే అనుసరించింది. 1996లో దానికి ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టారు. శింగనమలకు పొరుగున ఉన్న బుక్కరాయసముద్రం మండలం రేకులకుంటలో వేరుశనగ వంటి మెట్ట పంటలపై పనిచేసే పరిశోధన స్థానం ఆ వ్యవస్థలోనిదే.

అమెరికాలో ఈ భూదాన విశ్వవిద్యాలయాలు పెద్ద పెద్ద ఫుట్‌బాల్ జట్లకూ పేరుపొందాయి. ఇక్కడికి విత్తనం, విస్తరణ వచ్చాయి. క్రీడామైదానపు వ్యాపారం వాటి వెంట రాలేదు.

8. రెండో పాయ ఎందుకు రాలేదు

కారణాలను ప్రాధాన్య క్రమంలో ఇలా పేర్కొనవచ్చు. ఇవి అంచనాలే అయినా పైన చూపిన తేదీలపై ఆధారపడినవి.

(అ) అనుబంధ కళాశాలల వ్యవస్థ. మన దగ్గర పెద్ద పోటీ విశ్వవిద్యాలయాల మధ్య జరుగుతుంది, కళాశాలల నుంచి ఏరి జట్టు కడతారు. క్రికెట్‌లో రోహింటన్ బారియా ట్రోఫీ 1935 నుంచి ఈ పద్ధతిలోనే నడిచింది. అనంతపురంలో చదివిన ఆటగాడు 1950లో మద్రాసు జట్టుకు, 1960లో తిరుపతి జట్టుకు, 1985లో మాత్రమే సొంత జిల్లా విశ్వవిద్యాలయ జట్టుకు ఆడగలడు. ఊరివాళ్లు తమదని చెప్పుకునే జట్టు లేకుండా ప్రేక్షకుల వెల్లువ ఎలా వస్తుంది?

(ఆ) ప్రవేశాల తీరు. మన దగ్గర ఇంజనీరింగు వంటి కోర్సుల్లో క్రీడాకారులకు చాలాకాలం కేటాయించింది అర శాతం సీట్లు. అది గతంలో ఆడిన ఆటకు బహుమానం. ఇకపై కళాశాల కోసం ఆడాలన్న ఒప్పందం అందులో లేదు. అమెరికా వేతనం స్వభావం దీనికి భిన్నం.

(ఇ) కరువు ప్రాంతపు లెక్క. కళాశాల చదువు కుటుంబానికి ఉద్యోగపు ఆశ. శింగనమల నియోజకవర్గంలోని గార్లదిన్నె మండలం ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి అనంతపురం ఆర్ట్స్ కళాశాలను 1931లో విడిచిపెట్టింది స్వాతంత్ర్యోద్యమం కోసం. ఆ తరానికి కళాశాల నుంచి ప్రజాజీవితంలోకి ద్వారం రాజకీయం. అమెరికాలో కొందరికి ఆట తెరిచిన ద్వారాన్ని ఇక్కడ ఉద్యమం, ఉద్యోగం తెరిచాయి.

దీనికి అపవాదంగా ఒకదాన్ని పరిశీలించాలి. అనంతపురంలో నేడు మంచి క్రీడా ప్రాంగణం ఉంది. 2010లో అక్కడ రాఫెల్ నదాల్ పేరిట టెన్నిస్ పాఠశాల తెరిచారు. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ క్రికెట్ మ్యాచ్‌లు జరిగాయి. అయితే ఆ ప్రాంగణం 1969లో ఇక్కడికి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన గ్రామీణాభివృద్ధి ట్రస్టుది. దాని సంబంధాలు ప్రధానంగా స్పెయిన్‌తో. ఇది అపవాదంగా నిలవదు, పైగా ప్రధాన వాదానికే బలమిస్తుంది. జిల్లాలో పెద్ద క్రీడా వసతి కళాశాలల నుంచి పుట్టలేదు.

9. నిర్ధారణలు

మొదటిది, అమెరికా ఆటలు అనంతపురం ప్రాంతానికి 1948కి ముందే, ఎక్కువ సంభావ్యంగా మద్రాసు వ్యాయామ కళాశాల దారిన వచ్చాయి. రెండోది, రాధాకృష్ణన్ కమిషన్ అందరికీ వ్యాయామం అన్న సూత్రానికి అధికారిక ముద్ర వేసింది. దాన్ని టైగర్ట్‌కు ఆపాదించడం నిలవదు. మూడోది, వేతనం, ప్రేక్షకులు, వసూళ్లతో కూడిన అమెరికా కళాశాల క్రీడా వ్యవస్థ ఇక్కడికి ఏ దారినా రాలేదు. నాలుగోది, యుద్ధానంతర అమెరికా జాడ ఈ జిల్లాలో మైదానం కన్నా మెట్ట పొలంలో ఎక్కువ తేటగా కనబడుతుంది.

ఈ నిర్ధారణల్లో మొదటిదాన్ని తారుమారు చేయగల సాక్ష్యం పెద్ద గ్రంథాలయాల్లో కన్నా ఇళ్లలో ఉండే అవకాశమే ఎక్కువ. తాతల నాటి కళాశాల వార్షిక సంచిక, జట్టు గ్రూపు ఫొటో వెనక రాసిన తేదీ, గేమ్స్ ఫీజు కట్టిన రసీదు, బడి హాజరు పట్టీలో డ్రిల్లు మాస్టారి నియామకపు వివరం ఇలాంటి సాక్ష్యాలు. శింగనమల, గార్లదిన్నె, నార్పల, పుట్లూరు ప్రాంతాల పాఠకుల పెట్టెల్లో అవి ఉంటే, పాతకాగితాల బండికి వేయకుండా ఒక్కసారి తేదీ చూసి దాచండి.